ఉద్దానం బావుల్లో ఏముంది? నీటి కొలతల వెనుక చరిత్ర

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం గానీ అధిక రక్తపోటు గానీ లేని కొబ్బరి, జీడితోటల రైతులకూ కూలీలకూ సైతం మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని రెండు దశాబ్దాలకు పైగా వైద్యులు గమనిస్తూ వస్తున్నారు. అనుమానం మొదట నీటి మీదికే వెళ్లింది. భూగర్భజలంలోని సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం), సీసం వంటి లోహాలు, పురుగుమందుల అవశేషాలు, వాటితోపాటు ఎండలో పనిచేసేవారి ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా పరిశీలనకు వచ్చాయి గానీ, ఇదే కారణమని ఏదీ నిర్ధారణ కాలేదు.

ఇందుకు కొలత పద్ధతి కూడా కొంత కారణమని నా అభిప్రాయం. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము దాటకూడదు. ఇంత స్వల్ప మోతాదు కంటికీ నాలుకకూ తెలిసేది కాదు. 1955లో ఆలన్ వాల్ష్ అనే శాస్త్రవేత్త, లోహపు పరమాణువులు పీల్చుకునే కాంతిని బట్టి మోతాదు తేల్చే అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతిని ప్రతిపాదించిన తరువాత లోహాలను ఈ స్థాయిలో కొలవడం ప్రయోగశాలలకు సాధ్యపడింది. అయితే సీసాలో పట్టి పంపిన నమూనా ఆ ఒక్కనాటి సంగతే చెబుతుంది. తోటలకు మందు కొట్టిన వారంలో, తొలివానల తరువాత, నడివేసవిలో అదే నూతి నీరు ఎలా మారిందో చెప్పదు. ఏళ్ల తరబడి తాగిన నీటిని విచారించడానికి అది చాలదు.

నీటి దగ్గరికే కొలతను తీసుకువెళ్లే దారి వేరొక చోట మొదలైంది. 1922లో యారొస్లావ్ హేరోవ్‌స్కీ పాదరసపు ఎలక్ట్రోడ్‌తో (ద్రావణంలోకి విద్యుత్తును చేరవేసే కొనతో) ద్రావణంలోని పదార్థాలను విద్యుత్తు ద్వారా గుర్తించే పోలరోగ్రఫీని కనుగొన్నారు. దాని నుంచి పుట్టిన పద్ధతిలో, సీసపు అయాన్లను (విద్యుదావేశమున్న కణాలను) స్వల్ప వోల్టేజీతో ఎలక్ట్రోడ్ మీద పేర్చి, మళ్లీ కరిగించి, అప్పుడు పారే విద్యుత్తును బట్టి మోతాదు లెక్కిస్తారు. 1962లో లేలాండ్ క్లార్క్, ఒక పదార్థంతోనే చర్య జరిపే ఎంజైమ్‌ను పూసిన ఎలక్ట్రోడ్‌ను ప్రతిపాదించగా, ఆ వరుసలోనే ఈనాటి రక్తంలో చక్కెర చూసే పరీక్ష పట్టీలు వచ్చాయి. 1970లో పీట్ బెర్గ్‌వెల్డ్ అయాన్లకు స్పందించే ట్రాన్సిస్టర్‌ను రూపొందించారు. నేడు గ్రాఫీన్ అనే అతిపలుచని కార్బన్ పొరతో చేస్తున్న నీటి సెన్సర్లలో అనేకం ఆ ఆలోచనకు కొనసాగింపే.

వీటికి హద్దులున్నాయి. నూతి నీటిలోని ఇతర లవణాలు కొలతకు అడ్డుపడతాయి, పాచి పేరుకుంటుంది, రీడింగు క్రమంగా జారుతుంది కనుక తరచూ సరిచూడాలి. అంతకంటే పెద్ద చిక్కు, ఏ పదార్థం కోసం తయారు చేశారో దాన్నే సెన్సర్ పట్టుకుంటుంది. ఉద్దానంలో దేనికోసం వెతకాలన్నదే తేలని ప్రశ్న. అందుచేత ప్రయోగశాల విశ్లేషణ, సెన్సర్ల నిరంతర కొలత రెండూ కలిసి సాగాలి.

2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి శుద్ధిచేసిన వంశధార నీటిని ఉద్దానానికి అందించే పథకం ప్రారంభమైంది. అది ఎంతో అవసరమైన పని. అయినా, నేడు డయాలిసిస్ మీద ఉన్నవారు అంతకుముందు తాగింది ఊరి బావుల, బోర్ల నీరే గనుక, వాటిని పూడ్చి మరచిపోకముందే ఏడాది పొడవునా కొలిచి నమోదు చేయాలి.