సంఘాలు, సోషల్ మీడియా: చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో వినిపించే అపోహలు, వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోని చిన్నా పెద్దా క్రైస్తవ సంఘాలకు వీడియోలు, పోస్టర్లు, ఆన్‌లైన్ పేజీల పనులు చూసిపెట్టడం నా వృత్తి. పాస్టర్ గార్లు గాని యవ్వనస్థుల కమిటీవారు గాని పిలిచినప్పుడు మొట్టమొదట అడిగేది మన యూట్యూబ్ ఛానల్‌ను పెంచడం ఎలా అని. అంతకంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది: మందిరానికి రావాలని ఇప్పటికే అనుకుంటున్న మనిషికి మన చిరునామా, ఆరాధన సమయం, ఫోన్ చేస్తే పలికే ఒక గొంతు దొరుకుతున్నాయా? సోషల్ మీడియా వల్ల సంఘానికి కలిగే మేలులో ఎక్కువ భాగం ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: యూట్యూబ్‌లో లైవ్ పెడితే కొత్తవారు మందిరానికి వస్తారు.

వాస్తవం: మన సంఘాల లైవ్ చూసేవారిలో ఎక్కువమంది మన సంఘస్థులే. ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉండిపోయిన పెద్దలు, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, కువైట్‌కు పనికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు చూస్తారు. వారి కోసం చేస్తున్నామని తెలుసుకుని చేస్తే అది గొప్ప పరిచర్య. ఉదాహరణకు కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం అక్కడ పనిదినం, పైగా వారి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. మన ఉదయం పది గంటల ఆరాధన వారికి ఏడున్నరకు, చేతినిండా పనులుండే వేళకు మొదలవుతుంది. వాక్యభాగాన్ని, అంటే పాస్టర్ గారి ప్రసంగాన్ని మాత్రం విడిగా కత్తిరించి, గురువారం రాత్రికల్లా ఎక్కిస్తే, సెలవు దొరికినవారు శుక్రవారం తీరికగా వింటారు.

ఇక శబ్దం సంగతి. మందిరం చివర స్టాండుకు ఫోన్ బిగించి రికార్డు చేస్తే ఫ్యాన్ల హోరు, కీబోర్డు మోత పైకి వినిపించి పాస్టర్ గారి మాట అడుగున పడిపోతుంది. మైక్ సెట్టు మిక్సర్ నుంచి ఫోన్‌కు నేరుగా శబ్దం అందేలా మైకు అబ్బాయి చేత ఒక వైరు వేయించుకుంటే చాలు. కొత్త కెమెరా ఆలోచన ఆ తర్వాత చేయవచ్చు. ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు. కనుక ఈ పనిని క్రిస్మస్ ముందురోజు రాత్రికి మిగుల్చుకోకండి.

అపోహ: గూగుల్ మ్యాప్స్‌లో నమోదు దుకాణాలకే గాని మందిరాలకు అక్కరలేదు.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు దూరపు ఊళ్ళ నుంచి రోగులతో వచ్చిన బంధువులు, ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో కొత్తగా చేరిన విద్యార్థులు, బదిలీపై వచ్చిన ఉద్యోగులు ఆదివారం ఉదయం ఫోన్ తీసి దగ్గరలో చర్చి ఎక్కడుందని వెతుకుతారు. అప్పుడు వారికి కనబడేది చాలాసార్లు ఎవరో దారిన పోయేవారు ఎప్పుడో పెట్టిన పేరు. స్పెల్లింగు తప్పు, పిన్ మెయిన్ రోడ్డు మీద, మందిరం మాత్రం వెనుక సందులో, సమయాల చోట ఖాళీ. ఆ పేజీని సంఘం పేరున స్వాధీనం చేసుకుని, పిన్‌ను సరిగ్గా గేటు మీదికి జరిపి, మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగే మలుపు ఫొటో ఒకటి తప్పకుండా చేర్చండి. చిత్తూరులో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి కాబట్టి రెండు భాషల్లో ఆరాధన ఉన్నవారు ఏది ఏ గంటకో విడివిడిగా రాయాలి. ఫోన్ నంబరు పాస్టర్ గారిది ఇవ్వకండి, ఆరాధన వేళకు ఆయన ప్రసంగ వేదిక మీద ఉంటారు. ఆదివారం ఉదయం ఫోన్ ఎత్తగల పెద్దమనిషి ఒకరిది ఇవ్వండి.

అపోహ: ఫేస్‌బుక్ పోస్టును డబ్బు పెట్టి బూస్ట్ చేస్తే, అంటే ప్రకటనగా నడిపితే, క్రైస్తవులందరికీ, ఆసక్తి ఉన్నవారందరికీ చేరుతుంది.

వాస్తవం: ప్రకటన ఎవరికి కనబడాలో మతవిశ్వాసాలను బట్టి ఎంచుకునే (టార్గెటింగ్) వీలును ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2022 జనవరిలో తొలగించింది. ఇప్పుడు ప్రధానంగా ఎంచుకోగలిగేది ప్రాంతం, వయసు, భాష వంటివి. తిరుపతిలో ఈ ప్రాంతం ఎంపికే అత్యంత జాగ్రత్తగా చేయవలసిన పని. రైల్వే స్టేషన్ దగ్గర పిన్ పెట్టి 15 కిలోమీటర్ల పరిధి ఇస్తే తిరుమల కూడా అందులో పడుతుంది. 2007 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తిరుమలలో ఇతర మతాల ప్రచారం నిషిద్ధం. అందుచేత తిరుమలను మినహాయించి, పరిధిని మీ పేట వరకే కుదించండి. చట్టం మాట అటుంచితే, దర్శనానికి వచ్చిన భక్తుల ఫోన్లలో మన ప్రకటన కనబడటం మర్యాద కాదు. పొరుగువారితో కలిసి బతికే సంఘానికి అది మేలూ చేయదు. క్రిస్మస్ కార్యక్రమానికో, ఉచిత కంటి పరీక్షల శిబిరానికో పేటలోని వారిని ఆహ్వానించడానికి చిన్న మొత్తంతో బూస్ట్ చేయడం సమంజసమే.

అపోహ: ప్రార్థనతో జబ్బు నయమైందని చెప్పే స్వస్థత సాక్ష్యాల వీడియోలే ఎక్కువమందిని రప్పిస్తాయి.

వాస్తవం: వ్యూస్ వస్తాయన్నది నిజమే. అయితే ఫలానా నూనె రాస్తే షుగర్ పోతుంది, క్యాన్సర్ మాయమవుతుంది అని థంబ్‌నెయిల్ (వీడియో పైన కనబడే బొమ్మ) మీద రాయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. అంతకంటే నన్ను బాధపెట్టేది ఆ మాట నమ్మి ఎవరైనా మందులు మానేయడం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్ సంస్థలు కలిసి క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టి వందేళ్ళు దాటింది. ప్రార్థన, వైద్యం చేయి చేయి పట్టుకుని నడిచిన ప్రాంతం మనది. సాక్ష్యం చెప్పేవారు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోనివ్వండి, అదే వీడియోలో వైద్యం కొనసాగిస్తున్నామని కూడా చెప్పించండి.

మరో ముఖ్య విషయం అనుమతి. ఆదివారం ఆవేశంలో మైకు పట్టుకుని భర్త తాగుడు గురించో, బిడ్డ జబ్బు గురించో చెప్పుకున్న అమ్మ, సోమవారం అదే మాట వీధిలోని వారందరి ఫోన్లలో తిరుగుతుందని ఊహించి ఉండదు. కొన్ని రోజులు ఆగి, ఎడిట్ చేసిన వీడియోను ఆమెకు చూపించి, సరేనంటేనే ఎక్కించండి. తర్వాత ఎప్పుడు వద్దన్నా కారణం అడగకుండా తీసేయండి. సండే స్కూలు పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది.

అపోహ: అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేరిస్తే సరిపోతుంది.

వాస్తవం: గ్రూపులో ప్రతివారి నంబరూ మిగతావారికి కనబడుతుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మాట కూడా చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్ళడానికి తరచుగా కారణం ఇదే. సంఘం కబుర్లు తెలపడానికి వాట్సాప్ ఛానల్ పెట్టుకుంటే అనుసరించేవారి నంబర్లు ఒకరివి ఒకరికి తెలియవు. ఒకే సందేశాన్ని ఒక్కొక్కరికీ విడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా మంచిదే, కాని ఒక్కో జాబితాలో 256 మందే పడతారు, మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. ప్రార్థన మనవులను మాత్రం ఎక్కడా బహిరంగంగా పెట్టకండి.

అపోహ: దేవుని పాటలకు కాపీరైట్ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనల సాహిత్యానికి గడువు తీరింది, కాబట్టి వాటిని మీ గొంతుతో పాడి ఎక్కించవచ్చు. అవే కీర్తనలకు ఎవరో చేసిన కొత్త రికార్డింగు హక్కులు మాత్రం వారివే.

అపోహ: వీడియో కింద క్యూఆర్ కోడ్ పెడితే కానుకలు ఎక్కడి నుంచి వచ్చినా ఇబ్బంది లేదు.

వాస్తవం: కువైట్‌లో ఉన్న భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుకను విదేశీ విరాళంగా పరిగణించరు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. క్యూఆర్ కోడ్ సంఘం పేరున ఉన్న ఖాతాదే అయి ఉండాలి. పాస్టర్ గారి సొంత ఖాతాది గాని, కోశాధికారిది గాని పెట్టకండి.