పులుపు తగిలితే రూపం మారుస్తుంది: కాలా అజార్ పరాన్నజీవి కథ

కాలా అజార్ అంటే ప్లీహం ఉబ్బి, వైద్యం అందకపోతే ప్రాణం తీసే జ్వరం. 1903లో మద్రాసులో చార్లెస్ డోనవన్ అనే వైద్యుడు బతికున్న రోగి ప్లీహంలోకి సూది గుచ్చి తీసిన రక్తంలో చిన్న గుండ్రటి జీవులు కనిపించాయి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జబ్బుపడి ఇంగ్లండ్‌లో చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో అంతకుముందే విలియం లీష్మన్ అనే సైనిక వైద్యుడు వాటిని చూశాడు. రోనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి 'లీష్మేనియా డోనవాని' అని పేరు పెట్టాడు.

అసలు వింత అది కాపురం పెట్టే చోటు. క్రిములను మింగి అరగదీయడమే మాక్రోఫేజ్ కణాల పని. ఇది వాటి కడుపులోనే పిల్లలు పెడుతుంది! మింగినదాన్ని మాక్రోఫేజ్ ఒక సంచిలో వేసి ఆమ్లం, సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్‌లతో దాడి చేస్తుంది. శాండ్‌ఫ్లై అనే చిన్న రెక్కల పురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి వచ్చే పరాన్నజీవికి పొడుగాటి తోక, చక్కెరలూ కొవ్వూ కలిసిన పైపూత ఉంటాయి. ఆ పూత వల్ల సంచిలో ఆమ్లం చేరడం కాస్త ఆలస్యమవుతుంది. ఆపైన ఒంటి వేడి, సంచిలోని పులుపు తగలగానే, అదే సైగ అన్నట్టు, తోక కుదించుకుని గుండ్రంగా మారిపోతుంది. చంపాల్సిన ఆమ్లమే దానికి కబురన్నమాట.

పెరాక్సైడ్‌ను విరగ్గొట్టడానికి మన కణాలకు క్యాటలేజ్ ఎంజైమ్ ఉంది, దీనికి లేదు. మరి దేనితో నెట్టుకొస్తోంది? 1985లో అలన్ ఫెయిర్‌లాంబ్, ఆంథొనీ సెరామీ బృందం దీని దగ్గరి బంధువులాంటి జీవిలో ట్రైపనోథయోన్‌ను కనిపెట్టాక జవాబు దొరికింది. మన కణాల్లోనూ ఉండే గ్లూటాథయోన్ అణువులు రెండింటిని స్పెర్మిడిన్ అనే మరో చిన్న అణువుతో ముడివేసిన పదార్థం అది. పెరాక్సైడ్ విషాన్ని విరిచే పనికి కావలసిన సత్తువ దాని దగ్గర నుంచే వస్తుంది. మనుషుల్లో ఇది లేదు కాబట్టి మందుల పరిశోధకులకు ఆశ పుట్టింది.

కానీ ఆ డాలు మందులకూ అడ్డం పడింది. 1920లలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి తెచ్చిన యూరియా స్టిబమైన్ అనే యాంటిమొనీ (ఒక లోహం లాంటి మూలకం) మందు, ఆ తర్వాతి యాంటిమొనీ ఇంజెక్షన్లు ఎన్నో ప్రాణాలు నిలిపాయి. 1990లకు ఉత్తర బీహార్‌లో అవి చాలామందికి పనిచేయడం మానేశాయి. మందు లొంగదీయలేని రకాల్లో ట్రైపనోథయోన్ లాంటి పదార్థాలు ఎక్కువగా ఉండి, యాంటిమొనీని పట్టుకుని పక్కన పడేస్తున్నట్టు తేలింది. అరకొర డోసులు వాడడాన్ని అందరూ తప్పుపట్టారు, అది సబబే. ఫెయిర్‌లాంబ్ బృందం మాత్రం బోరు నీళ్లలోని, యాంటిమొనీకి రసాయనంగా దగ్గరి చుట్టమైన ఆర్సెనిక్ వైపు కూడా వేలు చూపించింది. ఆర్సెనిక్ నీళ్లు తాగిన ఎలుకల్లో తరతరాలుగా పెంచిన లీష్మేనియా నిజంగానే యాంటిమొనీకి లొంగలేదు. బీహార్ రోగుల రికార్డులు తిరగేస్తే మాత్రం, ఆ నీళ్లకూ మందు ఫెయిలవడానికీ సంబంధం అంత గట్టిగా కనబడలేదు.