టిప్ అంటే బక్షీసు కాదండీ

డాలస్ దగ్గర తెలుగు రెస్టారెంట్లలో ఆరేళ్లు సర్వర్‌గా చేసి, ఇప్పుడు ఫ్లోర్ చూసుకుంటున్నాను. బిల్లు దగ్గర మనవాళ్లు అనే మాటలు రోజూ చెవిన పడుతుంటాయి.

అపోహ: జీతం ఇస్తున్నారుగా, మళ్లీ టిప్ ఎందుకు?

వాస్తవం: ఆ జీతం ఎంతో తెలుసా? టెక్సస్‌లో సర్వర్‌కి ఓనర్ గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఫెడరల్ చట్టంలో ఆ అంకె కదల్లేదు. కనీస వేతనం 7.25. మధ్యలో ఉన్న 5.12 టిప్పుల్లోంచే రావాలి. మొన్న శనివారం పద్నాలుగు మంది వచ్చారు. టేబుళ్లు కలిపాం. రెండున్నర గంటలు కూర్చున్నారు, రైతా నాలుగుసార్లు తెప్పించుకున్నారు, బిల్లు ఏడు కార్డుల మీద కొట్టించుకున్నారు. 340 డాలర్ల బిల్లుకి టిప్ 6. ఆ టేబుల్ చూసిన అమ్మాయి స్లిప్పులు రెండుసార్లు లెక్కపెట్టి, ఏమీ అనకుండా వెళ్లి గ్లాసులు తుడుచుకుంది.

అపోహ: టిప్ తక్కువైతే ఓనర్ కలుపుతాడు.

వాస్తవం: కలపాలి. అయితే లెక్క పూటకి కాదు, వారానికి. మంగళవారం ఈగలు తోలుకున్నా, శనివారం టిప్పులతో కలిపి సగటు 7.25 దాటితే ఆయన ఒక్క సెంటు కలపక్కర్లేదు.

అపోహ: టిప్ డబ్బా మేనేజర్‌దే.

వాస్తవం: 2018లో చట్టం మారాక, సర్వర్ల టిప్పుల్లో ఓనర్, మేనేజర్ వాటా తీసుకోకూడదు. నేను మొదట పనిచేసిన చోట ఓనర్ బావమరిది డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. మాకు నోరెత్తే ధైర్యం లేకపోయింది.

అపోహ: టేక్‌అవేకీ ఇవ్వాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. ఇస్తే సంతోషం.

అపోహ: టిప్ తీసేసి జీతం పెంచితే గొడవ ఉండదు.

వాస్తవం: న్యూయార్క్‌లో డానీ మేయర్ 2015 నుంచి తన రెస్టారెంట్లలో టిప్ ఎత్తేస్తూ మెనూ రేట్లు పెంచాడు. 2020లో మళ్లీ టిప్ తెచ్చాడు. మా సర్వర్లనీ అడిగాను. వీకెండ్ షిఫ్టులున్నవాళ్లు వద్దంటే వద్దన్నారు, మధ్యాహ్నాలు చేసేవాళ్లు ఎప్పుడు మొదలుపెడతారన్నారు! అసలు జీతం పెరిగితే టిప్ పోవాలని ఎక్కడుంది? కాలిఫోర్నియాలో సర్వర్‌కి పూర్తి కనీస వేతనం ఇస్తారు, టిప్ దానికి అదనం.

నాకు మనసులో గుచ్చుకునేది మా దోసె మాస్టర్ సంగతి. 2.13 జీతం పద్ధతి నడిచే చోట టిప్ పూల్‌లో, అంటే టిప్పులన్నీ ఒకచోట కలిపి పంచే డబ్బులో, వంటవాళ్లకి వాటా పెట్టకూడదు. బాగా గిట్టుబాటైన రాత్రి సర్వర్లు ఆయనకో టీ పట్టుకెళ్లి ఇస్తారు.