పాత టీ పొడిని వేయిస్తే కొత్తదవుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

లూజ్ టీ అమ్మే కొట్టు మాది. వానాకాలం వచ్చిందంటే రోజుకొకరైనా అడుగుతారు: "టీ పొడి మెత్తబడిపోయిందండీ, మూకుట్లో వేయిస్తే మళ్లీ బాగవుతుందట కదా?" ఏదో వీడియోలో చూసుంటారు. ఆ వీడియో అబద్ధమని కాదు. కాకపోతే అందులో వేయించేది మన ఇళ్లలో వాడే టీ పొడి కాదు.

అపోహ: వేయిస్తే పోయిన వాసన తిరిగొస్తుంది.

రాదు. డబ్బా మూత తీయగానే ఘుమ్మని ముక్కుకు తగిలేది, డబ్బాలోంచి బయటికి పోతున్న వాసనే. పొయ్యి మీద పెడితే మిగిలిన కాస్తా ఇంకా తొందరగా పోతుంది. మరి వేయించేటప్పుడు ఇల్లంతా కమ్మగా ఉంటుందే అంటారు. ఉంటుంది. కానీ అది వేడికి కొత్తగా పుట్టిన వాసన. వేరుశనగ గుళ్లు, కాఫీ గింజలు వేగేటప్పుడు వచ్చేలాంటిదే.

తేమ మాత్రం నిజంగానే పోతుంది. ఫ్యాక్టరీలో ఆరబెట్టాక టీలో మిగిలే తేమ సుమారు 3 శాతం. అంత పొడిగా ఉన్న సరుకు గాల్లో చెమ్మ ఎక్కడున్నా లాగేసుకుంటుంది.

అపోహ: ఏ టీ అయినా వేయించుకోవచ్చు.

అన్నీ పనికిరావు. ఇలా వేయించడం జపాన్ వాళ్ల అలవాటు. పాతబడిన గ్రీన్ టీని ఇంట్లోనే వేయించి హోజిచా చేసుకుంటారు. అందుకోసం హోరోకు అని చిన్న మట్టి పాత్ర ఉంటుంది. దాని పిడి లోపల బోలుగా ఉంటుంది, వేగిన ఆకును ఆ పిడిలోంచే వంపేస్తారు. చైనాలోని ఫుజియాన్‌లో, తైవాన్‌లో ఊలాంగ్ టీని (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం) బొగ్గుల సెగ మీద కాలుస్తారు, దాచిపెట్టిన పాత ఊలాంగ్‌ను మళ్లీ సెగ చూపిస్తారు. తాజా ఆకు రుచి తిరిగొస్తుందని ఎవరూ ఈ పని చేయరు. వాళ్లకు కావలసింది వేగిన రుచి.

మనం వాడేది సీటీసీ డస్ట్, అంటే ఆకును యంత్రాల్లో నలిపి, చీల్చి చేసిన టీలో సన్నటి పొడి. బొంబాయి రవ్వ కన్నా సన్నం. ఓసారి కొట్లో మిగిలిన పొడి గుప్పెడు మూకుట్లో వేసి చూశాను. కలుపుతూనే ఉన్నా అడుగున మాడింది, రెండు నిమిషాల్లోపే పొగ. దాంతో టీ పెడితే మాడిన రొట్టె నీళ్లలో నానేసినట్టుంది. మా ఆవిడ ఒక్క గుక్క తాగి గ్లాసు సింకులో పెట్టేసింది.

అపోహ: బూజు పట్టినా వేయిస్తే ఫర్వాలేదు.

దీని దగ్గర మాత్రం నేను మొహమాటపడను. బూజు చచ్చినా, అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు కొన్ని బూజులు వదులుతాయి, అవి వంటింటి వేడికి పూర్తిగా పోవు. ఉండలు కట్టి, ముక్కిపోయిన బియ్యం వాసన వస్తుంటే పారేయండి.

వేయిస్తే కెఫీన్ పోతుందనే మాటా ఉంది. కొంచెం తగ్గొచ్చు, అంతే. హోజిచాలో అది తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ముదురాకులు, కాడలు వాడటం.

ఇక ఫ్రిజ్. చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరిస్తే లోపల చెమ్మ చేరుతుంది. పైగా టీ పక్కనున్న వాసనల్ని పీల్చుకుంటుంది. మల్లెపూల టీ తయారయ్యేది ఈ గుణంతోనే, ఇంగువ డబ్బా పక్కన పెట్టిన టీ పాడయ్యేదీ దీంతోనే. గాలి దూరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా, నెలకు సరిపడా మాత్రమే ఉంచుకోండి.

సరదాకి వేయించి చూడాలనుంటే పాత గ్రీన్ టీ ఆకు తీసుకోండి. తాలింపు వాసన లేని మందపాటి మూకుడు, సన్నని సెగ, రెండు మూడు చెంచాల ఆకు. ఆపకుండా కలుపుతుంటే ఆకుపచ్చ పోయి గోధుమరంగు వస్తుంది. పొగ కనిపించేదాకా ఆగొద్దు. దించగానే పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద డబ్బాలో పోశారా, ఆవిరి పట్టి కథ మళ్లీ మొదటికొస్తుంది.