మాక్‌బెత్ మూడో అంకం చదువుతున్న పిల్లలకు

పిల్లలూ,

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మూడో అంకం మీద వ్యాసం రాయాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇద్దరూ కూర్చుండిపోయారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "డంకన్ రాజును చంపి మాక్‌బెత్ రాజవడం రెండో అంకంలోనే అయిపోయింది. యుద్ధం అయిదో అంకంలో. మధ్యలో ఇదెందుకు?" అన్నారట. నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ అంకమే. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేయకుండా ఉత్తరం రాస్తున్నాను. పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

ప్రతి రంగం చివర ఒక్క నిమిషం ఆగి, ఇప్పుడు మాక్‌బెత్‌కి ఎవరంటే భయం అని అడుగుతూ వెళ్ళండి. మొదటి రంగంలో ఆ భయం ఒక తండ్రి, ఒక కొడుకు మీద ఉంటుంది. నాలుగో రంగం ముగిసేసరికి దేశంలో ఏ ప్రభువు ఇంటినీ అతను నమ్మడు. ఆరో రంగంలో ప్రభువులే మనసులో మాట బయటికి చెప్పలేని స్థితికి వస్తారు. ఒక మనిషి తలలో పుట్టిన భయం ఆరు రంగాల్లో దేశమంతా పాకుతుంది. ఆ పాకడం ఎలా జరిగిందో చూపించడమే ఈ అంకం చేసే పని.

మొదటి రంగం మాక్‌బెత్ తోటి సేనాని బాంకో స్వగతంతో మొదలవుతుంది. "అన్నీ దొరికాయి నీకు. దానికోసం నువ్వు తప్పుడు పని చేశావేమోనని నా భయం" అని మాక్‌బెత్ గురించి మనసులో అనుకుంటాడు. అనుమానం వచ్చినా ఎవరికీ చెప్పడు. రాజవుతావని మంత్రగత్తెలు మాక్‌బెత్‌కి చెప్పింది నిజమైందంటే, తన వంశం రాజులవుతుందని తనకు చెప్పింది కూడా నిజం కావచ్చు కదా అని అతనికీ ఒక ఆశ ఉంది. బాంకో మంచివాడని మీ గైడులో ఉంటుంది. మంచివాడే. కానీ ఆ మౌనాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.

దీని వెనక కొంచెం చరిత్ర ఉంది. షేక్‌స్పియర్ ఈ నాటకం 1606 ప్రాంతంలో రాశాడు. అప్పటికి మూడేళ్ళ కిందట, 1603లో, స్కాట్లాండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కి కూడా రాజయ్యాడు. 1605లో అతన్ని పార్లమెంటుతో సహా పేల్చేయడానికి కుట్ర జరిగి బయటపడింది. జేమ్స్ వంశం వాళ్ళు తమ మూలపురుషుడు బాంకో అని చెప్పుకునేవాళ్ళు. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్ర పుస్తకంలో రాజు హత్యలో బాంకోకి కూడా పాలుంది. ఆ సంగతి నాటకంలో కనిపించదు. సింహాసనం మీద ఉన్న రాజు పూర్వీకుడిని హంతకుడిగా చూపించడం ఎవరికి సాధ్యం? అసలు మాక్‌బెత్ అనే రాజు నిజంగానే 1040 నుంచి 1057 దాకా స్కాట్లాండ్‌ని ఏలాడు. డంకన్ చనిపోయింది యుద్ధంలో, పడకగదిలో కాదు. బాంకో మాత్రం కల్పిత పాత్రే అంటారు చరిత్రకారులు. వ్యాసంలో దీనికి రెండు వాక్యాలు చాలు.

బాంకో స్వగతం అయ్యాక మాక్‌బెత్ వస్తాడు. రాత్రికి విందు ఉంది, నువ్వే ముఖ్య అతిథివి అంటూ ఎంతో ప్రేమగా మాట్లాడతాడు. ఆ ప్రేమ మధ్యలో మూడు ప్రశ్నలు పడతాయి. మధ్యాహ్నం గుర్రమెక్కి వెళ్తున్నావా? దూరమా? నీ కొడుకు ఫ్లీయన్స్ కూడా వస్తున్నాడా? మూడూ మామూలు కుశల ప్రశ్నల్లాగే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు, మధ్యమధ్యలో వేరే మాటలు పెట్టి అడుగుతాడు. మీరు పెన్సిల్‌తో ఆ మూడింటి కిందా గీత గీసి, కలిపి చదవండి. ఒక మనిషి ఎప్పుడు బయల్దేరతాడు, ఎప్పటికి తిరిగొస్తాడు, పక్కన ఎవరుంటారు. హత్యకు కావలసిన సమాచారమంతా హతుడి నోటితోనే చెప్పించాడు. మూడో ప్రశ్నకి ముందు "విందుకు తప్పకుండా రా" అంటాడు. బాంకో తప్పనంటాడు. ఆ మాట నిలబెట్టుకుంటాడు కూడా.

తర్వాత అందర్నీ పంపేసి ఒక్కడే అసలు విషయం చెప్పుకుంటాడు. రాజుగా ఉండటం ఏమీ కాదు, క్షేమంగా ఉండటమే కావాలంటాడు. తన తల మీద పెట్టింది ఫలించని కిరీటమని, తర్వాత అది బాంకో పిల్లలకే పోతుందని బాధ. "బాంకో సంతానం కోసమా నేను నా మనసు పాడుచేసుకున్నది?" అని కుమిలిపోతాడు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. బాంకో ఇతనికి ఏ ద్రోహమూ చేయలేదు. ఇప్పటికి ఏ ఎత్తూ వేయలేదు. అతను తెలివైనవాడు, ధైర్యవంతుడు, నిబ్బరం ఉన్నవాడు అని ఆ స్వగతంలో మాక్‌బెతే పొగుడుతాడు. ఆ గుణాలే ఇప్పుడు నేరాలయ్యాయి. అధికారం ఉన్న మనిషికి అనుమానం పట్టుకుంటే మొదట ప్రమాదం వచ్చేది చెడ్డవాళ్ళకి కాదు, సమర్థులకి.

అప్పుడు ఇద్దరు హంతకుల్ని పిలుస్తాడు. వీళ్ళు వృత్తి హంతకులు కారు, జీవితంలో దెబ్బతిన్నవాళ్ళు. తమ కష్టాలకు కారణం మాక్‌బెతే అని ఇంతకాలం అనుకున్నారు. కాదు, బాంకోయే అని వాళ్ళని అతను ముందురోజే నమ్మించాడు. ఇప్పుడు "మీరు మగవాళ్ళేనా?" అన్నట్టు రెచ్చగొడతాడు. కుక్కల్లో ఎన్ని జాతులున్నా అన్నిటినీ కుక్క అనే అన్నట్టు, మీరూ లెక్కకి మనుషులే అంటాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మొదటి అంకం చివర డంకన్‌ని చంపనని వెనకడుగు వేసినప్పుడు భార్య ఇతన్ని రెచ్చగొట్టింది సరిగ్గా ఇలాగే. ఆమె దగ్గర నేర్చుకున్న విద్యని ఇంకొకళ్ళ మీద వాడుతున్నాడు. నాలుగో రంగంలో ఆమె మళ్ళీ అదే మాట అంటుంది, ఈసారి పనిచేయదు. ఈ మూడు చోట్లనీ కలిపి ఒక పేరా రాస్తే మీ వ్యాసం సగం బరువు అక్కడే ఉంటుంది.

రెండో రంగం చిన్నది. కానీ నాకు దుఃఖం వచ్చేది ఇక్కడే. రాణి తన భర్తతో రెండు మాటలు మాట్లాడాలని సేవకుడి చేత కబురు పంపాల్సి వస్తుంది. మొదటి అంకంలో ఉత్తరం రాసి ప్రతి చిన్న సంగతీ ఆమెకు చెప్పిన మనిషి ఇతనే. సేవకుడు వెళ్ళాక, అన్నీ పోగొట్టుకుని కోరింది దక్కించుకున్నా తృప్తి లేకపోతే ఏమీ మిగల్లేదన్నట్టే అని తనలో అనుకుంటుంది. అతను రాగానే ఆ బాధ దాచేసుకుని, అయిపోయిందేదో అయిపోయింది అని ధైర్యం చెబుతుంది. అతను చచ్చిపోయిన డంకన్‌ని చూసి అసూయపడతాడు. "అతను హాయిగా నిద్రపోతున్నాడు, ఇక అతన్ని ఏదీ తాకలేదు" అంటాడు. తన మనసు నిండా తేళ్ళున్నాయంటాడు. ఏం చేయబోతున్నావని ఆమె అడిగితే మాత్రం చెప్పడు. పని అయ్యాక మెచ్చుకుందువుగాని, అప్పటిదాకా తెలియకుండా ఉండు అంటాడు. ఇద్దరూ కలిసి చేసిన నేరం ఇద్దర్నీ దగ్గర చేయలేదు, చెరో గదిలో పెట్టింది. నాటకంలో ఎన్ని చావులున్నా, ఈ దాంపత్యం విడిపోవడం నాకు వాటికన్నా తక్కువేమీ కాదు.

ఆ రంగం చివర మాక్‌బెత్ చీకటిని పిలుస్తాడు. రా, పగటి కళ్ళకి గంతలు కట్టు అని వేడుకుంటాడు. మూడో రంగంలో చీకటి నిజంగానే వస్తుంది. షేక్‌స్పియర్ కాలంలో గ్లోబ్ నాటకశాలకి నడిమధ్య పైకప్పు లేదు, ఆటలు మధ్యాహ్నం పూట జరిగేవి. కాబట్టి చేతిలో దివిటీ కనిపిస్తే అది రాత్రి అని ప్రేక్షకులు అర్థం చేసుకోవాలి. తండ్రీకొడుకులు దివిటీతో వస్తారు. "ఈ రాత్రి వాన పడేలా ఉంది" అంటాడు బాంకో. "పడనీ" అంటూ మీద పడతారు. దివిటీ ఆరిపోతుంది. ఆ చీకట్లోనే ఫ్లీయన్స్ తప్పించుకుంటాడు. దీపం ఎవరు ఆర్పారని ఒక హంతకుడు విసుక్కుంటాడు కూడా. ఏ చీకటిని మాక్‌బెత్ కోరి పిలిచాడో అదే అతను చంపించాలనుకున్న పిల్లాడిని కాపాడింది.

అన్నట్టు, ఇక్కడ మూడో హంతకుడు ఒకడు అకస్మాత్తుగా వచ్చి కలుస్తాడు. వాడెవడో నాటకంలో ఎక్కడా చెప్పలేదు. మాక్‌బెతే మారువేషంలో వచ్చాడని కొందరు విమర్శకులు వాదించారు. నేను ఒప్పుకోను. ఫ్లీయన్స్ తప్పించుకున్నాడని నాలుగో రంగంలో విన్నప్పుడు అతను పడే కంగారు నటన కాదు. వాడు ఆ ఇద్దరిమీద నిఘాకి పంపిన మనిషై ఉంటాడని నా అభిప్రాయం. చంపడానికి పెట్టుకున్నవాళ్ళనే నమ్మలేనివాడు ఇంకెవర్ని నమ్ముతాడు?

ఇక విందు. దీన్ని కళ్ళతో చదవద్దు, గొంతెత్తి చదవండి. ఒకరు మాక్‌బెత్, ఒకరు రాణి. డాబా మీద నాలుగు కుర్చీలు వేసుకుని చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ రంగమంతా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాని మీదే నడుస్తుంది. "మీ మీ హోదాలు మీకు తెలుసు, కూర్చోండి" అనేది రాజు మొదటి మాట. అంతా వరస ప్రకారం. ఇంతలో తలుపు దగ్గరికి హంతకుడు వస్తాడు. రాజు మెల్లగా వెళ్ళి "నీ మొహం మీద రక్తం ఉంది" అంటాడు. అతిథులు పళ్ళేల ముందు, రక్తం గుమ్మం దగ్గర, మధ్యలో రాజు. ఇటు నవ్వు మొహం, అటు లెక్కలు. తండ్రి తల మీద ఇరవై గాట్లు. కొడుకు పారిపోయాడు.

తిరిగి వచ్చి కూర్చోబోతే చోటు లేదు. "బల్ల నిండిపోయింది" అంటాడు. ఇదిగో మీ చోటు అని లెనాక్స్ అనే ప్రభువు చూపిస్తాడు. "ఎక్కడ?" ఆ ఒక్క మాట దగ్గర ఆగండి. అతని ఆసనంలో బాంకో కూర్చుని ఉన్నాడు. ఇంకెవరికీ కనిపించడు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటం ఫోలియోలో సూచన స్పష్టంగా ఉంది, దయ్యం వచ్చి మాక్‌బెత్ చోట కూర్చుంటుందని. 1611లో గ్లోబ్‌లో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ అనే వైద్యుడు తన నోట్సులో ఈ ఘట్టం రాసుకున్నాడు. రాజు లేచి నిలబడగా దయ్యం వెనక నుంచి వచ్చి కుర్చీలో కూర్చుందని, అది చూసి రాజు భయంతో, కోపంతో ఊగిపోయాడని. 1794లో లండన్‌లో కెంబుల్ అనే నటుడు దయ్యాన్ని చూపించకుండా ఖాళీ కుర్చీతోనే ఆడాడు. నాకు దయ్యం కనిపించడమే ఇష్టం. అప్పుడు మనకూ మాక్‌బెత్‌కీ కనిపించేది మిగతా అతిథులకి కనిపించదు. తెలియకుండానే మనం హంతకుడి పక్షాన కూర్చుంటాం.

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు మన పెద్దలు. ఇందాక మనసు నిండా తేళ్ళున్నాయన్న మనిషి ఇక్కడ నిండు సభలో అరిచేశాడు. "నేను చేశానని నువ్వు అనలేవు" అంటాడు ఖాళీ కుర్చీతో. ఏం చేయలేదంటున్నాడో సభలో ఎవరూ అడగలేదు. రాణి మాత్రం అద్భుతంగా సర్దుతుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే, పట్టించుకోకండి అంటుంది. పక్కకి వచ్చి "నువ్వు మగాడివేనా?" అని మందలిస్తుంది. అతను తేరుకుని, మళ్ళీ గ్లాసు ఎత్తి, బాంకో లేడే అని నలుగురి ముందూ బాధ నటిస్తాడు. దయ్యం మళ్ళీ వస్తుంది. రెండుసార్లూ బాంకో ఉంటే బాగుండునని అన్న చోటే ఇది జరగడం గమనించండి. చివరికి వరసలు చూసుకోకుండా వెంటనే వెళ్ళిపొమ్మని రాణి అందర్నీ పంపేస్తుంది. హోదాల వరసతో మొదలైన విందు ఏ వరసా లేకుండా ముగిసింది.

అందరూ వెళ్ళాక ఇద్దరే మిగులుతారు. మెక్‌డఫ్ అనే ప్రభువు రాలేదేమని అప్పుడు మాక్‌బెత్ అడుగుతాడు. బాంకో సంగతి ఇంకా ఆరలేదు, అప్పుడే ఇంకో పేరు. ప్రతి ప్రభువు ఇంట్లోనూ తన డబ్బు తింటున్న సేవకుడు ఒకడున్నాడని చెబుతాడు. రక్తంలో ఇంత లోతుకి దిగాక వెనక్కి రావడమూ ముందుకి వెళ్ళడమంత కష్టమే అంటాడు. ఆమె అరిచి వాదించదు. నీకు నిద్ర లేదు, అంతే అంటుంది.

అయిదో రంగం మీద ఎక్కువ సమయం పెట్టకండి. మంత్రగత్తెల పెద్ద హెకటీ వచ్చి వాళ్ళని కోప్పడుతుంది. ఇది షేక్‌స్పియర్ రాసింది కాదని, థామస్ మిడిల్టన్ అనే ఇంకో నాటక రచయిత తర్వాత చేర్చాడని చాలామంది పండితుల అభిప్రాయం. పైకి చదివి చూడండి, పొట్టి పాదాల లయ వెంటనే వేరుగా వినిపిస్తుంది.

ఆరో రంగాన్ని మాత్రం వదలకండి. పరీక్షల టెన్షన్‌లో అందరూ దాటేసేది దీన్నే. లెనాక్స్ ఇంకో ప్రభువుతో మాట్లాడుతుంటాడు. ఆ ప్రభువుకి పేరు కూడా లేదు. బాంకో పొద్దుపోయాక తిరిగాడు, అందుకే చచ్చిపోయాడు అంటాడు లెనాక్స్. ఫ్లీయన్స్ పారిపోయాడు కాబట్టి తండ్రిని అతనే చంపాడని మీరు అనుకోవచ్చు అంటాడు. డంకన్ కొడుకులు తండ్రిని చంపడం ఎంత ఘోరం, మాక్‌బెత్ ఎంత బాధపడ్డాడు అంటాడు. ఈ మాటల్లో ఒక్కటి కూడా పైకి రాజుకి వ్యతిరేకం కాదు. ఎవరైనా వెళ్ళి రాజుకి చెప్పినా తప్పు పట్టలేరు. వినేవాడికి మాత్రం అంతా అర్థమవుతుంది. ఇతను ఆ విందులో రాజు పక్కన నిలబడి చోటు చూపించినవాడు. ప్రతి ఇంట్లో వేగు ఉన్నప్పుడు ఎదుటివాడు ఎవరో తెలియదు కదా, అందుకే ఇలా తడిమి తడిమి మాట్లాడతాడు. ఆ రెండో మనిషి మెక్‌డఫ్ ఇంగ్లండ్ వెళ్ళాడని చెబుతూ, తమకు ఏం కావాలో కూడా చెబుతాడు. బల్ల మీద తిండి, రాత్రి నిద్ర, కత్తులు లేని విందు.

మాక్‌బెత్ పోగొట్టుకున్నవీ అవే. ముందు లెనాక్స్ మాటల్ని అమాయకంగా ఒకసారి, మనసులో అర్థం తెలిసినవాడిలా ఒకసారి పైకి చదవండి. తర్వాత వ్యాసం మొదలుపెట్టండి. మూడో హంతకుడు ఎవరనుకుంటున్నారో నాకు విడిగా రాయండి. నాతో ఒప్పుకోనక్కర్లేదు, మీ మాటకి ఆధారం మాత్రం నాటకంలోంచే చూపించండి.

మీ అమ్మమ్మ