గంజాయి కేసు చెరిగిపోయింది సరే, ఇమిగ్రేషన్ సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో మనవాళ్ల ఇమిగ్రేషన్ కేసులు చూస్తుంటాను. ఈమధ్య తరచూ వింటున్న మాట: "అక్కా, కోర్టు రికార్డులో నా పేరే లేదు. ఇంకెందుకు టెన్షన్?"

అపోహ: ఎక్స్‌పంజ్ అయితే, అంటే కోర్టు రికార్డు చెరిపేస్తే, కేసు లేనట్టే.

అమెరికన్ సిటిజన్‌కైతే చాలావరకు నిజమే. 2021 జూలై 1న అమల్లోకి వచ్చిన చట్టంతో ఇక్కడి కోర్టులు, ఎవరూ అర్జీ పెట్టకుండానే, 3.6 లక్షలకు పైగా గంజాయి, హషీష్ కేసులను చెరిపేశాయి. హెచ్1బీ, గ్రీన్ కార్డు వాళ్ల లెక్క వేరు. ఫెడరల్ చట్టంలో గంజాయి ఇంకా నిషేధిత జాబితాలోనే ఉంది. నేరం ఒప్పుకుని, జడ్జి చిన్న శిక్షో షరతో పెట్టినా 1996 ఇమిగ్రేషన్ చట్టం దాన్ని 'కన్విక్షన్' (నేరం రుజువైనట్టు) అంటుంది. ఆ తర్వాత రాష్ట్రం దయతలచి చెరిపినా ఇమిగ్రేషన్ వాళ్లకు అది ఉన్నట్టే.

అపోహ: ఫారంలో "నో" పెట్టేయొచ్చు.

ఒకబ్బాయి సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 నింపి తెచ్చాడు. అరెస్టు ప్రశ్న దగ్గర "నో" అని టిక్ ఉంది. ఆ ప్రశ్నల పైన ఉన్న సూచన మీద వేలు పెట్టి చదవమన్నాను. రికార్డు సీల్ చేసినా, చెరిపేసినా చెప్పాల్సిందేనని రాసి ఉంది. రెండుసార్లు చదువుకుని, పెన్ను కింద పెట్టేశాడు. అరెస్టప్పుడు ఇచ్చిన వేలిముద్రలు ఎఫ్‌బీఐ దాకా వెళ్తాయి. అసలు కేసు కన్నా దాన్ని దాచిన అబద్ధమే చాలామందిని ముంచుతుంది. సంతకం పెట్టకముందే వచ్చాడు, అదే నాకు ఊరట.

అపోహ: 30 గ్రాముల లోపేగా, ఏమీ కాదు.

సొంత వాడకానికి 30 గ్రాముల లోపు దొరికిన ఒకే ఒక్క కేసుకు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను డిపోర్ట్ చేయరు. కానీ చెల్లెలి పెళ్లికి విజయవాడ వెళ్లి తిరిగొస్తే, ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం అడుగుతున్నవాళ్లలాగే చూడొచ్చు. అక్కడ ఈ మినహాయింపు లేదు. వేరే వెయివర్ (ప్రత్యేక మినహాయింపు) అడుక్కోవాలి.

అపోహ: బైడెన్ క్షమాభిక్ష పెట్టారుగా.

2022 నాటి ఆ క్షమాభిక్ష ఫెడరల్, వాషింగ్టన్ డీసీ కేసులకే. రాష్ట్ర కోర్టు కేసులకు వర్తించదు.

మరి దారే లేదా? ఉంది. చెరపడం వేరు, లోపం చూపించి తీర్పు రద్దు చేయించడం వేరు. ఉదాహరణకు, నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పు ఉందని మీ లాయర్ చెప్పకపోతే అది లోపమే. 2010 నుంచి సుప్రీంకోర్టు మాట కూడా అదే. ఆ కారణంతో రద్దయిన తీర్పును ఇమిగ్రేషన్ కూడా లెక్కలోంచి తీసేస్తుంది.

కేసు ఎలా ముగిసిందో చూపుతూ కోర్టు ఇచ్చే ధ్రువీకరించిన కాగితం, అంటే సర్టిఫైడ్ డిస్పోజిషన్ కాపీ, వీలైనంత త్వరగా తీసిపెట్టుకోండి. రికార్డు చెరిగాక అది సంపాదించడం కష్టం, ఇమిగ్రేషన్ మాత్రం దాన్నే అడుగుతుంది. ఇండియా టికెట్ కొనకముందే ఆ కాగితం లాయర్‌కు చూపించండి.