బుల్లెట్టు స్లోలో ఎందుకు నిలబడదు?

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా పాత బుల్లెట్టు ఆపి "స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) ఇంజను నిలబడట్లేదు" అని చెప్పి చూడండి. కుర్రాడి చెయ్యి స్క్రూడ్రైవర్‌తో సహా పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్ మీదికే పోతుంది. ఎయిర్ స్క్రూ అర తిప్పు ఇటు, అర తిప్పు అటు తిప్పితే బండి కాసేపు బాగానే డుగుడుగుమంటుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఠక్కున ఆగిపోతుంది. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు) ఉన్న బండిలో కార్బరేటర్‌ని అన్నిటికన్నా చివర ముట్టుకోవాలని నా వాదన. ఎందుకంటే జబ్బు ఎక్కువసార్లు కరెంటు వైపే ఉంటుంది.

346 సీసీ బుల్లెట్టుకి ఉన్నది ఒకటే సిలిండరు. ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి రెండు చుట్లకోసారి మంట. నిమిషానికి 800 చుట్ల స్లోలో మంటకీ మంటకీ మధ్య 0.15 సెకను. అంబాసిడర్‌లో ఒక సిలిండర్ మిస్సయితే మిగతా మూడూ లాక్కొస్తాయి. ఇక్కడ ఒక్క స్పార్కు తప్పితే నాలుగు చుట్లూ ఫ్లైవీల్ అనే బరువు చక్రం ఒక్కటే ఈడ్చాలి. వేగం సగమైతే ఫ్లైవీల్‌లో ఉండే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే రోడ్డు మీద బయటపడని లోపం సిగ్నల్ దగ్గర బయటపడుతుంది.

స్పార్కు పడగానే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం టపాసులా ఒక్కసారిగా పేలదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట సిలిండరంతా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజను 1000 చుట్ల వేగంలో ఉంటే ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) 6 డిగ్రీలు తిరుగుతుంది, 4000 చుట్లలో 24 డిగ్రీలు. పిస్టన్ పైకొన దాటిన కాసేపటికి, సుమారు 15 డిగ్రీల దగ్గర ఒత్తిడి పతాకస్థాయిలో ఉంటే పని బాగా జరుగుతుంది. కాబట్టి పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే స్పార్కు వేయాలి. మరీ ముందు వేస్తే పైకొచ్చే పిస్టన్‌ని మంటే కిందికి తోస్తుంది. కిక్ రాడ్ వెనక్కి తన్ని మోకాలు వాచిపోయేది అందుకే. మరీ ఆలస్యమైతే మంట ఎగ్జాస్ట్‌లోకి జారి, సైలెన్సర్ బెండు దగ్గర నీలం రంగు తిరుగుతుంది, బండి లాగదు.

ఈ స్పార్కు పుట్టించే విధానం 1910 నాటి కెడిలాక్ కార్లతో వచ్చింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణాన అయస్కాంత క్షేత్రం కుప్పకూలి ప్లగ్గు దగ్గర వేల వోల్టులు పుడతాయి. పాయింట్ల మధ్య నిప్పురవ్వలు లేవకుండా ఆపేది కండెన్సర్. అది పాడైతే పాయింట్ల దగ్గర నీలి మంట మెరుస్తుంది, ప్లగ్గు దగ్గర బలం తగ్గుతుంది.

టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, పెట్టేముందు టాపెట్లు (వాల్వుల సందు) చూసుకోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వుని నెట్టే పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. తర్వాత పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఈ వరస మార్చకూడదు. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి, తగ్గితే ఆలస్యంగా. అంటే గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగ్ కూడా మారినట్టే. పాయింటు మడమ దాన్ని తెరిచే క్యామ్ మీద రాసుకుని అరిగేకొద్దీ గ్యాప్ తగ్గిపోతుంది కనుక, ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ వెనక్కి జారుతుంటుంది.

ఇక అసలు పని. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్‌ని పైకి తేవాలి. ఎగ్జాస్ట్ స్ట్రోకులోనూ అది అంతే పైకి వస్తుంది, పొరబడొద్దు. పాయింట్లు విడిపోవాల్సిన చోటు పైకొనకి 0.8 మిల్లీమీటర్ల ముందు. పైకొన దగ్గర పిస్టన్ దాదాపు కదలదు. ఈ 0.8 మిల్లీమీటర్లకి క్రాంక్ దగ్గరదగ్గర 10 డిగ్రీలు తిరుగుతుంది. అదే 10 డిగ్రీలు స్ట్రోకు మధ్యలో అయితే పిస్టన్ సుమారు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందుకే ప్లగ్గు కన్నంలో సైకిల్ చువ్వ పెట్టి కంటితో అంచనా వేసే పద్ధతిని నేను నమ్మను. క్రాంక్‌కి డిగ్రీల చక్రం బిగించి చూడటం మేలు.

విడిపోయే క్షణం తెలియడానికి మీటరు కొనక్కర్లేదు. హెడ్‌లైట్ దగ్గరున్న అమ్మీటరే చాలు. లైట్లు ఆపి తాళం తిప్పితే, పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది. విడిపోగానే మధ్యకొస్తుంది. పాయింట్లు బిగించిన ప్లేటుని మెల్లగా జరుపుతూ ఆ ముల్లు కదిలిన చోట బిగించాలి. ప్లేటు మీద ఒక డిగ్రీ తేడా క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలవుతుంది, ఎందుకంటే పాయింట్ల క్యామ్ తిరిగేది క్రాంక్‌లో సగం వేగంతో. స్క్రూ బిగిస్తుంటే ప్లేటు జరిగే అలవాటుంది, కాబట్టి బిగించాక మళ్లీ చూసుకోవాలి.

అదే చోట ఆటో అడ్వాన్స్ యూనిట్ ఉంటుంది. వేగం పెరిగితే గుండ్లు బయటికి విసరబడి స్పార్కుని ముందుకు జరుపుతాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. క్యామ్‌ని వేలితో తిప్పి వదిలితే చురుగ్గా వెనక్కి రావాలి. స్ప్రింగులు సాగిపోతే స్లో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా ఊగుతుంది. దాన్ని కార్బరేటర్‌తో సరిచేయబోయి విసిగిపోయినవాళ్లు ఎందరో.

ఇప్పుడు కార్బరేటర్. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూని మెల్లగా తిప్పుతూ చుట్లు ఎక్కడ ఎక్కువవుతాయో చూసి అక్కడ ఆపాలి, తర్వాత థ్రాటిల్ స్టాప్ స్క్రూతో తగ్గించుకోవాలి. మరీ కిందికి తగ్గించి గుండె దడలా కొట్టించడం కొందరికి సరదా. ఆయిల్ పంపు నడిచేది ఇంజనుతోనే కాబట్టి అప్పుడు పైన వాల్వులు తెరిచే రాకర్ల దగ్గరికి ఆయిల్ సరిగ్గా చేరదు, ఛార్జింగూ పడిపోతుంది.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పూర్తిగా మండడానికి పెట్రోలుకి దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. ఈ మిశ్రమానికి 13.5 దగ్గర సరిపోతుంది. కార్బరేటర్‌లోని పాత జెట్టు (పెట్రోలు వచ్చే సన్న కన్నం) మాత్రం పాత లెక్కలోనే పోస్తుంది, అంటే మిశ్రమం పల్చబడుతుంది. పల్చటి మిశ్రమంలో మంట మెల్లగా పాకుతుంది, స్లోలో మిస్సింగ్ వస్తుంది. టైమింగ్ సరిగ్గా ఉండి, కార్బరేటర్‌కీ సిలిండర్ హెడ్డుకీ మధ్య గాలి లీకు లేకపోయినా బండి ఆగిపోతుంటే, స్లోలో పెట్రోలు పోసే పైలట్ జెట్టు ఒక సైజు పెంచి చూడొచ్చు.